వెబ్‌సైట్లను వెతకడం, తూకం వేయడం: హైదరాబాద్ విద్యార్థి పరిశోధకులకు సమగ్ర మార్గదర్శి

ప్రాజెక్టు రిపోర్టులో తప్పులు ఎక్కువగా రాసేటప్పుడు కాదు, వెతికేటప్పుడే దొర్లుతాయి. గూగుల్ చూపించిన మొదటి మూడు లింకులు తెరుస్తాం. మూడింట్లోనూ ఒకే మాట ఉంటే నిజమే అనుకుంటాం. ఆ మూడూ ఒకదాన్ని చూసి ఒకటి ఎత్తిరాసినవైతే మన చేతిలో ఉన్నవి మూడు ఆధారాలు కావు, ఒక్కటే. ఆ ఒక్కటి ఎక్కడ పుట్టిందో తెలియనంత వరకు అది ఆధారం కూడా కాదు.

ఈ పద్ధతి అర్థం కావడానికి మొదటి నుంచి చివరి దాకా ఒకే అంశం తీసుకుందాం: హైదరాబాద్ జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసిన ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 111. చరిత్ర, చట్టం, నీళ్లు, భూముల ధరలు అన్నీ ఇందులో కలిసి ఉన్నాయి. అందుకే దీని మీద మంచి పేజీలూ ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. మీ అంశం వేరైనా చేయాల్సిన పని ఇదే.

1. బ్రౌజర్ తెరిచేముందు ఒక కాగితం

‘జీవో 111’ అనేది అంశం మాత్రమే, ప్రశ్న కాదు. ‘ఈ జీవో ఏ తేదీన వచ్చింది, ఎన్ని గ్రామాలకు వర్తించింది, 2022లో ఏం మారింది?’ అనేది ప్రశ్న. ముందు దాన్ని పూర్తి వాక్యంగా రాసి, నాలుగైదు ముక్కలు చేయండి. ప్రతి ముక్క పక్కన ‘ఈ సంగతి మొదట ఎవరి దగ్గర నమోదవుతుంది?’ అనే మాటకు జవాబు రాయండి.

జీవోను జారీ చేసేది ప్రభుత్వ శాఖ. జంట జలాశయాల నీటిమట్టం జలమండలి లెక్క. వర్షపాతం బేగంపేటలోని వాతావరణ కేంద్రం లెక్క. ఏ చెరువు ఎంత కుంచించుకుపోయిందో ఉపగ్రహ చిత్రాల్లో చూడాలంటే బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) నడిపే భువన్ పోర్టల్. జనాభా సెన్సస్ వాళ్లది. నిజాం కాలం నాటి ఫైళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌వి.

ఈ జాబితాలో వికీపీడియా, యూట్యూబ్, కోచింగ్ సెంటర్ల నోట్సు ఉండవు. అవి దారి చూపిస్తాయి, అంతే. పత్రికల సంగతి కాస్త వేరు. ధర్నా ఎక్కడ జరిగింది, మంత్రి ప్రెస్‌మీట్‌లో ఏమన్నారు లాంటి వాటికి ఆ రోజు పత్రికే మొదటి ఆధారం. జీవోలో ఏముందో చెప్పడానికి మాత్రం పత్రిక రెండో చేయి.

ఈ పనికి 20 నిమిషాలు చాలు. ఇది చేయనివాళ్లు తర్వాత రెండు మూడు రోజులు అటూ ఇటూ తిరుగుతారు.

2. తెలుగులో వెతికేటప్పుడు వచ్చే చిక్కులు

ఇంగ్లిష్‌లో వెతికే పద్ధతులు తెలుగుకు అలాగే పనిచేయవు. కారణాలు మూడు.

మొదటిది వర్ణక్రమం. మూసి, మూసీ. హైదరాబాద్, హైదరాబాదు. ఉస్మాన్‌సాగర్, ఉస్మాన్ సాగర్, గండిపేట. జీవో, జీఓ, జి.ఓ. ఒక్క రూపంతో వెతికి ‘ఏమీ లేదు’ అనుకోకండి. మీ అంశంలోని ముఖ్యమైన పేర్లకు కనీసం మూడు రూపాలు ముందే రాసి పెట్టుకోండి. తర్వాత ఇంగ్లిష్ లిపిలో రెండు రూపాలు.

రెండోది విభక్తి. కొటేషన్ గుర్తుల మధ్య ‘జంట జలాశయాలు’ అని పెడితే ‘జంట జలాశయాల’, ‘జంట జలాశయాల్లో’ ఉన్న పేజీలు జారిపోవచ్చు. అందుకే తెలుగులో కొటేషన్లను పేర్లకే వాడండి. పేజీ లోపల కంట్రోల్, ఎఫ్ నొక్కి వెతికేటప్పుడు మాట చివర కోసేసి ‘జలాశయా’ అని మాత్రమే టైప్ చేయండి. పైన చెప్పిన రూపాలన్నీ దొరుకుతాయి.

మూడోది కంటికి కనపడదు. ‘హైదరాబాద్‌లో’ అని రాసేటప్పుడు ద కింద ల వత్తు పడకుండా కీబోర్డు మధ్యలో ఒక అదృశ్య అక్షరాన్ని ఉంచుతుంది. అది ఉన్న మాటా, లేని మాటా కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. ఎక్సెల్ షీట్‌లో ఒకే ఊరి పేరు రెండు వరుసలుగా లెక్కకు వస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే. పేజీలోనో షీట్‌లోనో వెతికేటప్పుడు ‘హైదరాబాద’ వరకే కొట్టి ఆపండి.

పాత పీడీఎఫ్‌లలో ఇంకో చిక్కు ఉంది. యూనికోడ్ రాకముందు, ఆ తర్వాత కూడా చాలాకాలం డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైప్ చేశారు. తెర మీద తెలుగులా కనిపిస్తుంది కానీ, కాపీ చేసి పేస్ట్ చేస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. అలాంటి ఫైళ్లు, స్కాన్ చేసిన పేజీలు తెలుగు మాటకు సెర్చ్‌లో దొరకడం కష్టం. వాటిని సైట్‌లోని ‘ప్రచురణలు’, ‘నివేదికలు’, ‘డౌన్‌లోడ్లు’ విభాగాల్లోకి వెళ్లి తేదీల వారీగా చేత్తోనే వెతకాలి.

ఇక గూగుల్‌కు ఇచ్చే ఆదేశాలు. రోజూ పనికొచ్చేవి నాలుగు. ‘సైట్’ అనే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా చిరునామా రాస్తే ఆ సైట్ లోపలే వెతుకుతుంది. ‘ఫైల్‌టైప్’ తర్వాత కోలన్, పీడీఎఫ్ అని రాస్తే నివేదికలు పైకి వస్తాయి. ఒక మాట ముందు మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న పేజీలు పోతాయి. ‘బిఫోర్’ తర్వాత కోలన్ పెట్టి ఒక సంవత్సరం రాస్తే అంతకు ముందు వచ్చినవే చూపిస్తుంది. వీటితో అందరూ చేసే పొరపాటు ఒక్కటే: కోలన్ తర్వాత ఖాళీ వదలడం. అలా వదిలితే ఆదేశం మామూలు మాటగా మారిపోతుంది.

జీవో 111కు మైనస్ గుర్తు ఎంత మేలు చేస్తుందో ఒకసారి చేసి చూడండి. ‘ప్లాట్లు’, ‘విల్లాలు’ అనే మాటలను తీసేయగానే రియల్ ఎస్టేట్ పేజీలు చాలావరకు పక్కకు తప్పుకుంటాయి.

3. పేజీ తెరిచాక మొదటి పని: దాన్ని వదిలి బయటికి రావడం

చాలామంది పేజీని పైనుంచి కింది దాకా చదివి, ‘మా గురించి’ చూసి, డిజైన్ బాగుందా లేదా అని తూకం వేస్తారు. ఈ పద్ధతి మోసపోవడానికే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 45 మందిని పరీక్షించారు. చరిత్రలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లు 10 మంది, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లు 10 మంది, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 25 మంది. అంత చదువున్న చరిత్రకారులూ, విద్యార్థులూ తరచూ పేజీలోనే ఉండిపోయి లోగోలను, గంభీరమైన పేర్లను చూసి పొరబడ్డారు. నిజనిర్ధారకులు కొన్ని క్షణాల్లోనే పేజీ వదిలి కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సైట్ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చింది వాళ్లే.

పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి ఇచ్చిన బయోడేటా ఒక్కటే చదివి ఊరుకోం కదా. ఇరుగుపొరుగును, ఆఫీసులో వాళ్లను అడుగుతాం. ఇదీ అంతే.

చేయాల్సింది ఇలా:

1. సైట్ పేరును కొటేషన్ల మధ్య పెట్టి, ఆ సైట్ చిరునామానే మైనస్‌తో తీసేసి వెతకండి. అంటే మైనస్ గుర్తు, దాన్ని ఆనుకుని ‘సైట్’ ఆదేశం, చిరునామా.
2. మొదటి పేజీలో వచ్చిన ఫలితాలను క్లిక్ చేయకుండా, కింద ఉండే రెండు వరుసలూ చదవండి. ఎవరు నడుపుతున్నారు, ఎవరు విమర్శిస్తున్నారు అన్నది చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది.
3. రచయిత పేరుంటే ఆ పేరుతో, విషయంతో కలిపి ఇంకోసారి వెతకండి. నీటి వనరుల మీద రాసిన మనిషి ఇంతకుముందు దేని మీద రాశారు?
4. ఏమీ దొరకకపోతే అది కూడా ఒక సమాచారమే. మీ నోట్‌లో ‘బయటి ప్రస్తావన లేదు’ అని రాసి, ఆ పేజీని దారి చూపేదిగా మాత్రమే వాడండి.

ఒక్కో సైట్‌కు రెండు మూడు నిమిషాలకు మించి పెట్టకండి. పేజీని శ్రద్ధగా చదవడం ఈ గడప దాటిన తర్వాతి పని.

4. చిరునామాను కుడి నుంచి చదవండి

అడ్రస్ బార్‌లో ‘హెచ్‌టీటీపీఎస్’ పక్కన ఉండే జంట గీతలను వదిలేసి, ఆ తర్వాతి మొదటి ఏటవాలు గీత వరకు ఉన్న భాగాన్ని చూడండి. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. చివర ‘డాట్ గవ్ డాట్ ఇన్’ లేదా ‘డాట్ నిక్ డాట్ ఇన్’ ఉంటే ప్రభుత్వానిది, ఇతరులకు ఇవ్వరు. ‘డాట్ ఏసీ డాట్ ఇన్’, ‘డాట్ ఈడీయూ డాట్ ఇన్’, ‘డాట్ రెస్ డాట్ ఇన్’ విద్యా, పరిశోధన సంస్థలవి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడలోని సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐల పేర్లు ‘డాట్ రెస్ డాట్ ఇన్’తో ఉంటాయి. ‘డాట్ ఇన్’, ‘డాట్ కో డాట్ ఇన్’, ‘డాట్ ఆర్గ్’ మాత్రం డబ్బు కట్టిన ఎవరికైనా వస్తాయి.

మోసం జరిగేది చుక్కకూ హైఫన్‌కూ మధ్య. ‘తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్’ ప్రభుత్వానిది. ‘తెలంగాణ హైఫన్ గవ్ డాట్ ఇన్’ లాంటి పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎందుకంటే అక్కడ ‘గవ్’ పేరులో భాగమే తప్ప ప్రభుత్వపు తోక కాదు. స్కాలర్‌షిప్, ఉద్యోగ నోటిఫికేషన్ల పేరుతో ఆధార్ నంబరు అడిగే పేజీల్లో ఈ తేడాను ముందు చూడండి.

తోక చూసి అక్కడితో ఆగిపోవడం కూడా తప్పే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సైట్ ‘డాట్ ఆర్గ్’తోనే ఉంటుంది, దాని పంటల డేటా ప్రపంచమంతా వాడుతుంది. మరోవైపు ‘డాట్ ఏసీ డాట్ ఇన్’ సైట్‌లో విద్యార్థి రాసిన సెమినార్ పేపర్ కూడా ఉండొచ్చు. తోక ఇల్లు ఎవరిదో చెబుతుంది, లోపల మాట్లాడుతున్నది ఎవరో చెప్పదు. అలాగే ‘హెచ్‌టీటీపీఎస్’ అంటే మీకూ ఆ సైట్‌కూ మధ్య సమాచారం రహస్యంగా వెళుతుందని మాత్రమే. మోసం చేసే సైట్‌కు కూడా అది ఉంటుంది.

మన రాష్ట్రానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి: 2024లో రాష్ట్ర సంక్షిప్త నామం టీఎస్ నుంచి టీజీకి మారింది. టీఎస్‌పీఎస్‌సీ టీజీపీఎస్‌సీ అయింది, టీఎస్‌ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయింది. వాటితో పాటు చాలా వెబ్ చిరునామాలూ మారాయి. పాత పరిశోధన పత్రంలో ఇచ్చిన లింకు తెరుచుకోకపోతే సమాచారం పోయిందనుకోకండి. ముందు కొత్త పేరుతో వెతకండి, ఆ తర్వాత ఏడో భాగంలో చెప్పిన పాత ప్రతుల దగ్గరికి వెళ్లండి.

5. రాసినవాళ్లకు ఇందులో ఏం వస్తుంది?

జీవో 111 మీద పేజీలు మూడు రకాల చేతుల నుంచి వస్తాయి. భూములు అమ్మేవాళ్లకు ఆంక్షలు పోయాయని జనం నమ్మితే లాభం. పర్యావరణ సంస్థలకు జలాశయాలు ప్రమాదంలో ఉన్నాయని జనం గుర్తించడం కావాలి. ఆ గ్రామాల రైతులకు పక్క ఊరి భూమికి పలికే ధర తమ భూమికి ఎందుకు రాదన్నది ప్రశ్న. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ ఎవరు దేన్ని వదిలేస్తారో చూడాలి.

ఏ పేజీ అయినా చదువుతూ మార్జిన్‌లో ఒక ప్రశ్న రాయండి: ‘దీనికి ఎదురుపక్షం వాళ్లు ముందుగా అడిగే మాట ఏమిటి? ఈ పేజీలో దానికి జవాబుందా?’ విల్లాల ప్రకటనలో నీటి నాణ్యత ప్రస్తావన ఉండదు. అలాంటి ఖాళీలే మీ రిపోర్టుకు ఉపశీర్షికలు అవుతాయి. పక్షపాతం ఉన్న పేజీని పారేయాల్సిన అవసరం లేదు. అది ఒక పక్షం వాదనకు మంచి ఆధారం. ‘రియల్ ఎస్టేట్ వర్గాల వాదన ఇది’ అని పేరు పెట్టి రాయండి, చాలు.

6. మూలం దాకా నడవడం

అసలు పని ఇదే. ఎక్కువ సమయం దీనికే ఉంచుకోండి.

ముందుగా జీవో. జీవో నంబర్లు శాఖల వారీగా ఉంటాయి, ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. కాబట్టి 111 అనే నంబరుతో ఎన్నో జీవోలు ఉంటాయి. నంబరు, శాఖ, తేదీ మూడూ కలిస్తేనే అది గుర్తింపు: జీవో ఎంఎస్ నంబర్ 111, పురపాలక శాఖ, 8-3-1996. ఎంఎస్ (మాన్యుస్క్రిప్ట్), ఆర్‌టీ (రొటీన్) అనే రకాలు కూడా వేర్వేరు వరుసలు, కలపకండి. ఇది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చినది. అందువల్ల తెలంగాణ జీవోల పోర్టల్‌లో కనపడకపోయినా ‘అందుబాటులో లేదు’ అని రాసేయకండి. ఈ జలాశయాల రక్షణ మీద 2000 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందులో దీనితో పాటు 1994 మార్చి 31 నాటి జీవో 192 ప్రస్తావన కూడా ఉంది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల కట్టడి 1996లోనే మొదలైందని రాసే సైట్లు ఈ 192ను చూడలేదన్నమాట. జీవో 111 వర్తించిన 84 గ్రామాల జాబితాను కూడా ఏదో పేజీ నుంచి కాకుండా జీవో అనుబంధం నుంచే తీసుకోండి.

తర్వాత 2022. ‘జీవో 111 రద్దు’ అని శీర్షికలు కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 12 నాటి జీవో 69 తెరిచి చదవండి. ఆంక్షలు తొలగిస్తూనే జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు పెట్టారు, విధివిధానాల కోసం ప్రధాన కార్యదర్శి నేతృత్వంలో కమిటీ వేశారు. శీర్షికలోని ఒక్క మాటకూ, జీవోలోని పేరాలకూ మధ్య ఎంత దూరం ఉందో అక్కడ కనిపిస్తుంది. తర్వాతి ఉత్తర్వులు, కోర్టు కేసుల పరిస్థితి రిపోర్టు ఇచ్చే వారంలో మళ్లీ ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు చరిత్ర. ‘ఉస్మాన్‌సాగర్‌ను మోక్షగుండం విశ్వేశ్వరయ్య కట్టారు’ అనే వాక్యం ఎన్నో సైట్లలో ఉంటుంది. దాన్ని తేదీల మీద పెట్టి చూడండి. మూసీ వరద 1908 సెప్టెంబర్ 28. నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది 1909లో. అదే ఏడాది చివర ఆయన మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు, 1912లో దివాన్ అయ్యారు. ఉస్మాన్‌సాగర్ పూర్తయింది 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో. అంటే వరద నివారణకు జలాశయాలు కట్టాలని పథకం ఇచ్చింది ఆయన. కట్టడం నడిచిన ఏళ్లలో ఆయన ఇక్కడ లేరు. ‘కట్టారు’ అన్న క్రియను ‘ప్రతిపాదించారు’ అని మార్చగానే వాక్యం నిలబడుతుంది. ఏ వాక్యాన్నయినా ఇలా క్రియ దగ్గర పట్టుకుని అడగండి: కట్టారా, కట్టించారా, ప్రతిపాదించారా, ప్రారంభించారా?

అదే వరదలో మృతులు ఒకచోట 15 వేలు, మరోచోట 50 వేలు. ఇలాంటప్పుడు సగటు తీయకండి, పెద్ద అంకెను ఎంచుకోకండి. ఒక్కో అంకెకు ఆ పేజీ ఎవరిని ఆధారంగా చూపిందో రాయండి. అక్కడి నుంచి ఒక మెట్టు కిందికి దిగండి, దారి తెగేవరకు. ఆధారం లేకుండా ఆగిపోయిన అంకెను రిపోర్టులో వాడాల్సి వస్తే ‘అంచనాలు 15 వేల నుంచి 50 వేల వరకు ఉన్నాయి’ అని పరిధితో రాయండి.

అంకెల విషయంలో మన ఊళ్లో ఇంకో నాలుగు గుంతలున్నాయి.

‘హైదరాబాద్ జనాభా’ అన్నప్పుడు ఏ హైదరాబాద్? 2011 సెన్సస్ ప్రకారం 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్ జిల్లాలో 39.4 లక్షలు. జీహెచ్‌ఎంసీ పరిధిలో 67.3 లక్షలు. శివార్లతో కలిపిన నగర సముదాయానికి 77 లక్షల దరిదాపు. మూడూ సరైనవే. జిల్లా జనాభాను జీహెచ్‌ఎంసీ విస్తీర్ణంతో భాగించి జనసాంద్రత రాస్తేనే తప్పు.

జిల్లాలు. 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33. పాత రంగారెడ్డి జిల్లాలో వికారాబాద్, మేడ్చల్ ప్రాంతాలు కలిసి ఉండేవి. 2011 రంగారెడ్డినీ, 2020 రంగారెడ్డినీ పక్కపక్కన పెట్టి గ్రాఫ్ గీస్తే జనం ఒక్కసారిగా మాయమైనట్టు కనిపిస్తుంది. పోల్చాలంటే మండలాల స్థాయికి దిగి, మీరే కలుపుకోవాలి.

టీఎంసీ. ఒక టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, మన లెక్కలో 100 కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు. ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9 టీఎంసీలు. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు మిలియన్‌ను లక్షగా, బిలియన్‌ను కోటిగా మార్చేసిన పేజీలు తగులుతూ ఉంటాయి. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు.

తేదీలు. 03/04 అని ఉంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా సైట్‌లో మార్చి 4. నెలను ఎప్పుడూ అక్షరాల్లో నోట్ చేసుకోండి.

7. పేజీ వయసు, పాత ప్రతులు

పేజీ కింద కనిపించే సంవత్సరం నమ్మదగ్గది కాదు. కాపీరైట్ గుర్తు పక్కన ఉండే ఏడాది చాలా సైట్లలో తనంతట తానే మారుతుంది. ‘చివరిసారి సవరించినది’ అన్న తేదీ కూడా పేజీ డిజైన్ మార్చినా మారొచ్చు. లోపలి విషయాన్ని చూడండి: చివరగా ప్రస్తావించిన సంఘటన ఏది, జిల్లాలు 10 అని రాశారా 33 అని రాశారా? దీన్ని బట్టి వయసు తేలిపోతుంది. పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాల లాంటి వాటిలో 2011 కూర్పూ, 2024 కూర్పూ రెండూ నెట్‌లో తిరుగుతూ ఉంటాయి. పీడీఎఫ్ తెరవగానే కవర్ పేజీ వెనక ఉన్న ముద్రణ సంవత్సరం ముందు చూడండి.

చచ్చిపోయిన లింకులకు వేబ్యాక్ మెషీన్ ఉంది. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ దీన్ని 2001లో అందరికీ తెరిచింది. పాత చిరునామా అందులో పెడితే ఏయే రోజుల్లో ఆ పేజీ ఎలా ఉండేదో క్యాలెండర్‌లా చూపిస్తుంది. ఇంకో ఉపయోగం దీనికంటే పెద్దది: మీరు వాడుకున్న ప్రతి పేజీనీ అదే రోజు అందులో భద్రపరచండి. వైవాలో ఎగ్జామినర్ అడిగేనాటికి ఆ పేజీ మారిపోయినా మీ దగ్గర తేదీతో ప్రతి ఉంటుంది.

వికీపీడియా వ్యాసంలో ‘చరిత్ర’, ‘చర్చ’ ట్యాబ్‌లు తప్పకుండా తెరవండి. ఏ వాక్యం మీద గొడవ జరిగిందో, ఎప్పుడు మార్చారో అక్కడ ఉంటుంది. తెలుగు వ్యాసం, ఇంగ్లిష్ వ్యాసం తరచుగా వేర్వేరు ఆధారాలతో నడుస్తాయి కాబట్టి రెండింటి అడుగున ఉన్న మూలాలూ చూడండి.

8. ఫొటోలు

వానాకాలం రాగానే 2020 అక్టోబర్ వరదల ఫొటోలు కొత్తవిగా తిరుగుతాయి. గూగుల్ లెన్స్‌లోనూ, చిత్రాలు వెతికే టిన్‌ఐ సైట్‌లోనూ పెట్టి ఆ చిత్రం అన్నింటికంటే ముందు ఎక్కడ వచ్చిందో చూడండి. టిన్‌ఐలో ‘పాతవి ముందు’ అనే వరుస ఎంచుకోవచ్చు. పాత చిత్రాలకైతే ఫొటోగ్రాఫర్ తేదీలు కూడా పరీక్షే. 1908 వరద ఫొటో కింద రాజా దీన్‌దయాళ్ స్వయంగా తీశారని ఉంటే ఆగండి. ఆయన 1905లోనే కన్నుమూశారు.

9. జర్నళ్లు, ఏఐ జవాబులు

పరిశోధన పత్రంలా కనిపించేదల్లా పరిశోధన పత్రం కాదు. డబ్బు తీసుకుని, నిపుణుల పరిశీలన లేకుండా వేసే జర్నళ్లు చాలా ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థపై 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. నమ్మదగ్గ జర్నళ్లకు యూజీసీ ఇచ్చిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపేశారు కాబట్టి ‘కేర్ జాబితాలో ఉంది’ అనే ముద్ర ఇక చాలదు. మీరే చూడాల్సినవి: జర్నల్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌ఎస్‌ఎన్‌ను ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లో పెడితే అదే జర్నల్ పేరు వస్తోందా, సంపాదకవర్గంలోని ఆచార్యుల సొంత విశ్వవిద్యాలయ పేజీలో ఈ జర్నల్ పేరుందా, ‘వారంలో ప్రచురిస్తాం’ అని హామీ ఇస్తోందా, ఒకే సంచికలో దంతవైద్యం నుంచి కామర్స్ దాకా అన్నీ ఉన్నాయా?

మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను నెట్‌లో ఉంచే శోధ్‌గంగా ఉంది. చందా కట్టాల్సిన జర్నళ్లకు 2025 జనవరి 1 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం మొదలైంది. మీది ప్రభుత్వ విద్యాసంస్థ అయితే కాలేజీ లైబ్రేరియన్‌ను లాగిన్ అడగండి.

ఏఐ చాట్‌బాట్‌లు, గూగుల్ పైన చూపించే ఏఐ సారాంశాలు ప్రశ్నలు రూపొందించుకోవడానికి పనికొస్తాయి. ఆధారంగా పనికిరావు. లేని పుస్తకాన్ని, లేని పేజీ నంబరును, ఉన్న రచయిత పేరుతో సహా అవి నమ్మకంగా చెప్పగలవు. అవి ఇచ్చిన ప్రతి పత్రానికీ డీఓఐ, అంటే ఆ పత్రం గుర్తింపు సంఖ్య, అడగండి. 10తో మొదలయ్యే ఆ సంఖ్యను డీఓఐ సైట్‌లో పెట్టండి. పేజీ తెరుచుకోవడం ఒక్కటే చాలదు, అదే శీర్షిక, అదే రచయిత ఉండాలి. తర్వాత ఆ పత్రంలో ఆ మాట నిజంగా ఉందో లేదో చదవండి.

10. నోట్ షీట్

గూగుల్ షీట్‌లో ఏడు నిలువు గడులు: తెరిచిన తేదీ, పూర్తి లింకు, వేబ్యాక్ ప్రతి లింకు, ఎవరిది, ఉన్నది ఉన్నట్టు ఎత్తిన వాక్యం, దాని మూలం ఎక్కడిది, మీ నమ్మకం. చివరి గడిలో మూడే మాటలు వాడండి: ‘మూలం చూశాను’, ‘రెండో చేయి’, ‘మూలం దొరకలేదు’. ఎత్తిన వాక్యానికి కొటేషన్లు పెట్టడం మరిచిపోతే నెల తర్వాత అది మీ వాక్యమే అనిపిస్తుంది. కాపీ కొట్టారన్న ఆరోపణలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

11. నెట్‌లో దారి తెగిన చోట

కొన్ని దారులు వెబ్‌లో ఆగిపోతాయి. 1908 వరద మృతుల లెక్క లాంటిది అలా ఆగినప్పుడు బస్సెక్కాలి. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికలు, గెజిట్లు ఉన్నాయి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో తెలుగు, ఉర్దూ సేకరణ ఉంది. ప్రభుత్వ ఫైళ్లకు తార్నాక ఆర్కైవ్స్. ముందుగా ఫోన్ చేసి పనివేళలు కనుక్కోండి. కాలేజీ ఐడీ, గైడ్ సంతకంతో అంశం రాసిన లేఖ, పెన్సిల్ తీసుకెళ్లండి.

అక్కడ ‘1908 ఫైళ్లు కావాలి’ అని అడిగి ఊరుకోకండి. నిజాం ప్రభుత్వ కాగితాలు ఎక్కువగా ఫసలీ అనే రెవెన్యూ క్యాలెండర్ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ ఏడాది మొదలైన క్రీస్తుశక సంవత్సరం వస్తుంది. హైదరాబాద్ రాజ్యంలో ఆ ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యేది కాబట్టి 1908 సెప్టెంబర్ వరద 1317 ఫసలీ చివర్లో పడుతుంది. సహాయ, పునర్నిర్మాణ పనుల లెక్కలు 1318లోకి వెళతాయి. రెండు సంవత్సరాల రిపోర్టులూ కలిపి అడగండి. ఉర్దూ చదవడం రాకపోతే చదవగలిగిన క్లాస్‌మేట్‌ను వెంట తీసుకెళ్లండి.